క్షయ మీద పనిచేసిందనే ముందు

అనంతపురం

అమ్మా,

ఆశీస్సులు. క్షయ మందు ఐసోనియాజిడ్‌ను ఆల్డిహైడ్‌తో కలిపి హైడ్రజోన్లనే కొత్త అణువులు చేసి, బ్యాక్టీరియా, ఫంగస్, క్షయ మూడింటి మీదా చూస్తానన్నావు. చెయ్యడం తేలికే. వచ్చిన ఫలితాన్ని నమ్మడం దగ్గరే జాగ్రత్త కావాలి.

1.37 గ్రాముల ఐసోనియాజిడ్, 1.41 గ్రాముల 4-క్లోరోబెంజాల్డిహైడ్, అంటే చెరి 10 మిల్లీమోల్స్, 25 మి.లీ. ఇథనాల్‌లో వేసి, నాలుగు చుక్కల గ్లేషియల్ అసిటిక్ ఆమ్లం కలిపి మూడు గంటలు రిఫ్లక్స్ చెయ్యి, అంటే ఆవిరి కండెన్సర్‌లో చల్లబడి తిరిగి ఫ్లాస్కులో పడేలా మరిగించు. ఎండాకాలంలో మిద్దె మీది ట్యాంకు నీళ్లు కొళాయిలో కాగినట్టే వస్తాయి. వాటితో కండెన్సర్ చల్లబడదు, ఇథనాల్ ఎగిరిపోతుంది. బకెట్లో ఐసు వేసి కూలర్ పంపుతో నీళ్లు తిప్పు.

పదార్థాలను మచ్చలుగా విడదీసే టీఎల్‌సీ పలకపై ఐసోనియాజిడ్ మచ్చ పూర్తిగా పోవాలి. వేడి ఇథనాల్‌లో రెండుసార్లు స్ఫటికీకరించు. అణువు నిర్మాణం చూపే ఎన్‌ఎంఆర్‌లో 10 పీపీఎం దగ్గరి ఆల్డిహైడ్ పీక్ మాయమై, 12 దగ్గర ఎన్‌హెచ్ (నత్రజనికి అంటిన హైడ్రోజన్) పీక్ కనపడాలి. శుద్ధత కొలిచే హెచ్‌పీఎల్‌సీలో 95 శాతం వచ్చింది చాలులే అనుకోవద్దు. ఐసోనియాజిడ్ మి.లీ.కి 0.02 నుంచి 0.2 మైక్రోగ్రాములకే క్షయ క్రిమిని ఆపుతుంది. నీ పదార్థంలో ఒక్క శాతం మిగిలినా, మి.లీ.కి 6 మైక్రోగ్రాములు వేసినప్పుడు అందులో 0.06 మైక్రోగ్రాముల ఐసోనియాజిడ్ ఉన్నట్టే. మురికి చేసిన పని నీ కొత్త అణువు ఖాతాలో పడుతుంది.

పూర్తిగా శుద్ధమైనా ఇంకో చిక్కుంది. క్షయ పరీక్ష ఏడు రోజులు నడుస్తుంది; ఆలోగా హైడ్రజోన్ నీళ్లలో విడిపోయి ఐసోనియాజిడ్‌ను వదలొచ్చు. అందుకే ఐసోనియాజిడ్‌ను పక్కనే పెట్టి మోలార్ లెక్కలో, అంటే బరువుతో కాక అణువుల సంఖ్యతో పోల్చు. ఐసోనియాజిడ్‌ను క్రిమి లోపల చురుకుగా మార్చే క్యాట్‌జీ జన్యువు చెడిన, అందుకే ఆ మందుకు లొంగని స్ట్రెయిన్ మీద కూడా చూపించు. అక్కడ పనిచెయ్యకపోతే నువ్వు చూసింది పాత మందునే కావచ్చు.

బ్యాక్టీరియాకు వెల్ డిఫ్యూజన్, అంటే అగర్ జెల్లీలో గుంట తీసి మందు పోసి చుట్టూ క్రిములు పెరగని జోన్ కొలవడం, వద్దు. నీళ్లలో కరగనివి అగర్‌లో పాకవు, జోన్ సైజు మోసం చేస్తుంది. 96 వెల్స్ (చిన్న గుంటలు) ఉన్న ప్లేటు వాడు. డీఎంఎస్‌ఓ అనే ద్రావణిలో మి.లీ.కి 12.8 మి.గ్రా. స్టాక్ చేసి, 20 మైక్రోలీటర్లను 980 మైక్రోలీటర్ల ముల్లర్ హింటన్ బ్రాత్‌లో (బ్యాక్టీరియా పెరిగే పోషక ద్రవంలో) కలుపు. దాన్నుంచి సగం సగం చేస్తూ వెల్‌కి 100 మైక్రోలీటర్లు ఉంచు. 0.5 మెక్‌ఫర్లాండ్ (క్రిముల సంఖ్య అంచనాకు వాడే మసక కొలమానం) కల్చర్‌ను బ్రాత్‌లో వంద రెట్లు పలచన చేసి ఇంకో 100 మైక్రోలీటర్లు వెయ్యి. పై మోతాదు మి.లీ.కి 128 మైక్రోగ్రాములు, డీఎంఎస్‌ఓ 1 శాతం, వెల్‌లో మి.లీ.కి సుమారు 5 లక్షల క్రిములు. కలిపినప్పుడు తెల్లగా మసకబారితే అది పెరుగుదల కాదు, నీ పదార్థమే బయటపడింది. డీఎంఎస్‌ఓ ఒక్కటే, క్రిములు ఒక్కటే, బ్రాత్ ఒక్కటే ఉన్న కంట్రోల్ (పోలిక) వెల్స్ తప్పనిసరి. పరీక్ష సరిచూసే ప్రామాణిక స్ట్రెయిన్ ఏటీసీసీ 25922 ఈ-కోలి పెరుగుదలను ఆపే సిప్రోఫ్లాక్సాసిన్ మోతాదు మి.లీ.కి 0.004 నుంచి 0.016 మైక్రోగ్రాముల మధ్య రాకపోతే ప్లేటు పారెయ్.

కాండిడా ఫంగస్‌కు పోషక ద్రవం ఆర్‌పీఎంఐ, క్రిములు మి.లీ.కి వెయ్యి చుట్టుపక్కల.

పరీక్షలకు వాడే క్షయ క్రిమి స్ట్రెయిన్ హెచ్37ఆర్‌వీని మన ల్యాబులో తెరవొద్దు. ఆ పరీక్ష బీఎస్‌ఎల్-3 అనే కట్టుదిట్టమైన రక్షణ ల్యాబు ఉన్నచోటే చెయ్యాలి. చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ లాంటి చోటికి నీ పదార్థాన్ని పొడి రూపంలో పంపు, ద్రావణంగా కాదు. ఇక్కడ క్షయ క్రిమికి బంధువైన మైకోబ్యాక్టీరియం స్మెగ్మాటిస్ మీద ముందు చూడొచ్చు. కానీ దాని ఫలితాన్ని క్షయ ఫలితమని రాయొద్దు.

మొదటి ప్లేటు ఫోటో పంపు. కంట్రోల్ వెల్స్ కనపడేలా తియ్యి.