లింకులు పంచే పిల్లాడికి చానెల్ పెట్టించాలా?

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేడేళ్లు. చదువు ఫర్వాలేదు. కానీ రోజూ నెట్‌లో ఏదో ఒక వింత పట్టుకుని స్నేహితుల గ్రూపులో పెడుతుంటాడు. ఒకరోజు గ్రహాలు, ఒకరోజు పాత నాణేలు, ఇంకోరోజు ఆక్టోపస్‌లు. ఒక్కదాని మీదా నిలబడడు. మా తమ్ముడేమో ‘చానెల్ పెట్టించక్కా, ఇప్పుడు డబ్బంతా అందులోనే ఉంది’ అంటున్నాడు. కంటెంట్ క్రియేటర్ కోర్సు ఒకటి చూశాం. నెలాఖరులోగా ఫీజు కట్టాలి. ఆ కోర్సు మేలా, మామూలు డిగ్రీ మేలా? పోల్చి చెప్పండి. వాడు పెట్టిన మెసేజీలు కొన్ని ఫొటో తీసి పంపుతున్నాను. – ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ ఫొటోల సంగతి. మీ ఉత్తరంలో ఎక్కడా ‘వాణ్ణి అడిగితే’ అన్న మాటే లేదు. పదిహేడేళ్ల కుర్రాడి ఫోన్‌లోంచి వాడికి తెలియకుండా మెసేజీలు తీసి, ముక్కూమొహం తెలియని నాకు పంపించారు. వాడు లింకు పంపితే కాలక్షేపం, మీరు వాడి మెసేజీలు పంపితే బాధ్యతా? ఇంకోసారి ఆ పని చేయకండి.

పంపారు కాబట్టి చదివాను. మీరు చదివారా అన్నదే నా అనుమానం. శుక్రగ్రహం గురించి రాసింది చూడండి. అక్కడ రోజు సంవత్సరం కంటే పెద్దదన్న ముక్క నెట్‌లో ఎప్పటినుంచో తిరుగుతోంది. ఆ గ్రహం తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి మన లెక్కలో 243 రోజులు పడుతుంది, సూర్యుణ్ణి చుట్టి రావడానికి 225. మామూలుగా అందరూ అక్కడితో ఆపి ఒక ఆశ్చర్యం బొమ్మ తగిలిస్తారు. మీవాడు కింద ఇంకో రెండు లైన్లు రాశాడు: ‘కానీ అది ఎదురు దిశలో తిరుగుతుంది. ఒక సూర్యోదయం నుంచి ఇంకో సూర్యోదయానికి 117 రోజులే. ఏ రోజో చెప్పకుండా ఈ మాట అనకూడదు.’ ఇది వాణ్ణి ఎవరూ అడగలేదు. దీనికి మార్కుల్లేవు. ఆ మెసేజీకి వచ్చిన జవాబల్లా ఒక్క బొటనవేలు.

రెండో ఫొటో నాకు ఇంకా నచ్చింది. చంద్రుడి మీద నిలబడి చూస్తే చైనా గోడ కనిపిస్తుందని ఒకరోజు పెట్టాడు. మర్నాడు తనే రాశాడు: ‘నిన్న పెట్టింది తప్పు. గోడ ఎంత పొడవున్నా వెడల్పు కొన్ని మీటర్లే. 3,84,000 కిలోమీటర్ల దూరం నుంచి అది కంటికి ఆనదు.’ పొరపాటు పెట్టి, ఎవరూ పట్టుకోకముందే దిద్దుకున్నవాళ్లు మీ చుట్టాల గ్రూపులో ఎంతమంది ఉన్నారో ఒకసారి చూసుకోండి.

మీరడిగింది కోర్సు గురించే. కానీ ఇలాంటి ఉత్తరాలు చదివీ చదివీ ఉన్నాను కాబట్టి అసలు భయం ఎక్కడుందో తెలుసు. ‘ఒక్కదాని మీదా నిలబడడు’ అన్న వాక్యంలో ఉంది. వీడు ఎందుకూ కొరగాకుండా పోతాడేమోనని మీ బెంగ. పోడు. పదిహేడేళ్ల వయసులో గ్రహాల నుంచి నాణేలకీ, నాణేల నుంచి ఆక్టోపస్‌లకీ దూకడం జబ్బు కాదు. చూడాల్సింది ఎన్నిటి మీద వాలుతున్నాడని కాదు, వాలిన చోట ఏం చేస్తున్నాడని. తెరవకుండానే ఫార్వర్డ్ చేస్తున్నా, ఎన్ని లైకులొచ్చాయో లెక్కపెడుతూ కూర్చుంటున్నా, నిద్ర చెడగొట్టుకుంటున్నా అప్పుడు కంగారుపడండి. మీరు పంపిన వాటిలో ఆ లక్షణాలేవీ నాకు కనపడలేదు.

ఇక మీ తమ్ముడుగారి సలహా. నిన్నటిదాకా తిట్టిపోసిన అలవాటు, డబ్బొస్తుందనగానే మీకు ముద్దొచ్చింది. అదే నాకు మింగుడుపడటం లేదు. ఈ దారి మీద నాకున్న అనుమానాలు కొంచెం వివరంగానే చెబుతాను, ఎందుకంటే కోర్సు అమ్మేవాళ్లు చెప్పరు.

మొదటిది, ఆ స్థలం మీవాడిది కాదు. ఆరు సెకన్ల వీడియోలు పంచుకునే వైన్ (Vine) అనే యాప్ 2013లో వచ్చింది, 2017 మొదట్లో మూతపడింది. అక్కడ లక్షల మందిని పోగుచేసుకున్నవాళ్లు మరోచోట మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. యూట్యూబ్ 2018లో నిబంధన మార్చి, ప్రకటనల ఆదాయం కావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలంది. అప్పటిదాకా కాస్తోకూస్తో వస్తున్న చిన్న చానెళ్లకి అదీ ఆగిపోయింది. తర్వాత కూడా నిబంధనలు మారుతూనే ఉన్నాయి. పెద్ద వీడియోల మీద ప్రకటనల్లో 55 శాతం మీకు ఇస్తారన్నది నిజమే. ఆ ప్రకటన ఎవరికి, ఎప్పుడు, ఎంత ధరకు వేస్తారన్నది మాత్రం మీ చేతిలో ఉండదు.

రెండోది, మీవాడు చేసే పనికి అక్కడ గిరాకీ తక్కువ. వాడు ఇతరులు కనిపెట్టినవి ఏరి చూపిస్తాడు. ఇతరుల బొమ్మలూ క్లిప్పులూ కూర్చి, సొంతంగా పెద్దగా ఏమీ చేర్చకపోతే యూట్యూబ్ ఆదాయమే ఇవ్వదు. తొంభై రోజుల్లో మూడు కాపీరైట్ స్ట్రైకులు, అంటే ఇతరుల సొత్తు అనుమతి లేకుండా వాడారన్న హెచ్చరికలు పడితే చానెలే పోవచ్చు. పైగా ‘మీకు తెలియని పది వింతలు’ లాంటి వీడియోకి మాటలూ బొమ్మలూ గొంతూ అన్నీ ఇప్పుడు ఏఐ నిమిషాల్లో తయారు చేసిపెడుతోంది. అందులో శుక్రగ్రహం మాట మొదటి సగమే ఉంటుంది. 117 రోజుల ముక్క ఉండదు. అది చెబితే వీడియో సాగుతుంది, జనం వేలితో పైకి తోసేస్తారు. రోజుకొకటి పెట్టాల్సిన ఒత్తిడిలో మీవాడు ముందుగా వదిలేసేది ఆ రెండో లైన్నే.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యం. 1973లో మార్క్ లెప్పర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లలతో ఒక ప్రయోగం చేశారు. గీస్తే బహుమతి పత్రం ఇస్తామని కొందరికి ముందే చెప్పారు. తర్వాత ఎవరూ ఏమీ ఇవ్వని రోజుల్లో చూస్తే, ఆ పిల్లలే మిగతావాళ్లకంటే తక్కువ గీశారు. ఇష్టంగా చేసేదానికి కూలి కడితే అది కూలిపని అవుతుంది. అన్నిసార్లూ అలాగే జరుగుతుందనను. కానీ పదిహేడేళ్లవాడి మీద ఆ ప్రయోగం చేయడానికి అంత తొందరేం వచ్చింది?

మీ తమ్ముడుగారు మరియా పపోవా పేరు చెప్పవచ్చు. ఆవిడ 2006లో ఆఫీసులో ఏడుగురికి వారం వారం ఆసక్తికరమైన విషయాలు ఈమెయిల్ చేయడంతో మొదలుపెట్టి లక్షల మంది పాఠకులను సంపాదించుకున్నారు. నిజమే. కానీ ఆవిడ ఏళ్ల తరబడి పుస్తకాలు చదివి, చదివినదాని మీద ఆలోచించి రాశారు. ఆ పని ఏ కోర్సూ నేర్పదు. ఆ ఫీజు కట్టకండి. గడువు దాటిపోయినా నష్టం లేదు. వీడియో ఎడిటింగ్ కావాలంటే ఒక సెలవుల్లో ఇంట్లోనే నేర్చుకుంటాడు.

మరి ఈ గుణానికి పనికొచ్చే ఉద్యోగాలు లేవా? ఉన్నాయి. వాటి పేర్లు పెళ్లి మాటల్లో గొప్పగా వినిపించవు, అంతే. సైన్సు రాసేవాళ్లు, పత్రికల్లో నిజనిర్ధారణ చేసేవాళ్లు, మ్యూజియంలూ ఆర్కైవ్‌లూ చూసేవాళ్లు, పుస్తకాల సంపాదకులు, సమాచారాన్ని వర్గీకరించి వెతికితే దొరికేలా చేసేవాళ్లు. 1945లోనే వానెవర్ బుష్ అనే ఇంజినీరు, లోకంలోని సమాచార రాశిలో పనికొచ్చే దారులు వేసి చూపించడమే వృత్తిగా పెట్టుకునేవాళ్లు వస్తారని ఊహించాడు. మన రంగనాథన్‌గారు లెక్కల అధ్యాపకుడు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్ అయ్యారు. 1931లో గ్రంథాలయాలకు అయిదు సూత్రాలు రాశారు. అందులో నాలుగోది: పాఠకుడి సమయం ఆదా చెయ్యి. మీవాడు గ్రూపులో చేస్తున్నది చిన్న ఎత్తున అదే. లైబ్రరీ సైన్స్ అనగానే మొహం చిట్లించారని నాకు ఇక్కణ్ణుంచే తెలుస్తోంది. గ్రంథాలయాల్లో ఖాళీలు తక్కువన్నది ఒప్పుకుంటాను. కానీ ఆ చదువు చదివినవాళ్లు కంపెనీల్లో డేటా, రికార్డులు, సెర్చ్ చూసే చోట్ల కూడా పనిచేస్తున్నారు.

మీరడిగిన పోలిక పూర్తి చేయలేదని తెలుసు. చేయను కూడా. ఒకటి చదువు, ఇంకోటి కెమెరా ముందు నిలబడే పద్ధతి. ఈ రెంటికీ పోటీ ఏమిటి? డిగ్రీ చదవనివ్వండి, లింకులు పంచుకోనివ్వండి. కాస్త గట్టిగా చేయాలనిపిస్తే తెలుగు వికీపీడియా ఉంది, 2003 డిసెంబరు నుంచి నడుస్తోంది. అక్కడ వాక్యం రాస్తే ఆధారం చూపించమంటారు, చూపించకపోతే తీసేస్తారు కూడా. వాడికి అది శిక్షలా అనిపించదని నా నమ్మకం. మీరు చేయదగ్గది ఒకటుంది. వాడేదైనా చెప్పబోతే ‘దీనివల్ల ఉపయోగమేంటి’ అని అడ్డుపడకండి. ‘నీకెలా తెలిసింది, ఎక్కడ చూసి సరిచూసుకున్నావ్’ అనడగండి.

డిగ్రీలో ఏ సబ్జెక్టు అన్నది వాడితో మాట్లాడకుండా చెప్పేది కాదు. గ్రహాల దగ్గర లెక్క కట్టి చూసుకున్నాడు కాబట్టి భౌతికశాస్త్రం వైపు మొగ్గుందేమో అనిపిస్తోంది. నాణేల గురించి ఏం రాశాడో మీరు పంపలేదు, అది చూస్తే నా అంచనా మారవచ్చు. కావాలంటే మళ్లీ రాయండి. కాకపోతే ఈసారి ఉత్తరం వాణ్ణే రాయమనండి. మెసేజీలు పంపాలో వద్దో వాడే తేల్చుకుంటాడు.