మదర్‌బోర్డు మారిస్తే లైసెన్సులన్నీ మళ్లీ కొనాల్సిందేనా?

మదర్‌బోర్డు కాలిపోయి కొత్తది వేయిస్తే విండోస్ యాక్టివేషన్ పోయిందని, తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ కూడా పనిచేయట్లేదని, మళ్లీ డబ్బు కట్టాలా అని అడిగారు. ఇప్పుడే కట్టకండి. గుంటూరు అరండల్‌పేటలో నాది డీటీపీ షాపు. నాకూ ఇదే జరిగింది.

ముందు విండోస్ సంగతి. ర్యామ్ పెంచినా, డిస్క్ మార్చినా సాధారణంగా ఇబ్బంది రాదు. బోర్డు మారితే మాత్రం విండోస్ లెక్కలో అది వేరే కంప్యూటరే. మీది విడిగా కొన్న రిటైల్ లైసెన్సయితే కొత్త బోర్డుకు మార్చుకోవచ్చు, పాత కీ (కొన్నప్పుడు ఇచ్చిన లైసెన్సు కోడ్) మళ్లీ కొట్టి చూడండి. కంప్యూటర్‌తో పాటు వచ్చిన ఓఈఎం లైసెన్సు ఆ మెషీన్‌కే పరిమితం. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి బ్రాండెడ్ మెషీన్లలో కీ బోర్డు మీది చిప్‌లోనే ఉంటోంది, అందుకే స్టిక్కర్ వెతికినా దొరకదు. వారంటీ ఉంటే బయట షాపుకు ఇవ్వకుండా కంపెనీ సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి. యాక్టివేషన్ చూపించాకే సంతకం పెట్టండి.

మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో ముందే లాగిన్ అయి ఉన్నారా? అయితే సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీకి వెళ్లి ట్రబుల్‌షూట్ నొక్కండి. హార్డ్‌వేర్ ఈమధ్య మార్చానన్న లైను ఎంచుకుని, జాబితాలో మీ పాత కంప్యూటర్ పేరు చూపించండి. ఇంతకుముందు విండోస్ హోమ్ ఎడిషన్ ఉంటే ఇప్పుడూ హోమే ఉండాలి. రిపేరు షాపులో ప్రో వేసేశారేమో చూసుకోండి.

నన్ను నిజంగా ఏడిపించింది తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్. మాఘమాసం, పెళ్లిళ్ల సీజన్. కరెంటు పోతూ వస్తూ బోర్డును తినేసింది. సాయంత్రానికి కొత్తది వేయించి సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఏదో కొత్త మెషీన్ నంబరు, దాని కింద కీ కోసం ఖాళీ గడి. డీలర్‌కు ఫోన్ చేస్తే, నంబరు మారింది కాబట్టి ఇది కొత్త కంప్యూటరే, పూర్తి ధర కట్టాలన్నాడు. బల్ల మీద శుభలేఖ ప్రూఫు ఉంది. పెళ్లికొడుకు నాయనమ్మ అచ్చమ్మగారి పేరు ‘అచమ్మ’ అని పడితే, వాళ్ల నాన్నగారు ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఇచ్చారు. ఫైలు తెరుచుకుంటోంది, అక్షరాలు కనిపిస్తున్నాయి. కానీ ఆ ఫాంట్లు ఏ కీబోర్డుతోనైనా కొట్టగలిగే యూనికోడ్‌వి కావు, ఆ సాఫ్ట్‌వేర్ కీబోర్డు లేనిదే ఒక్క ఒత్తు కూడా పడదు. డబ్బు పెట్టి కొన్న సరుకు ఎదురుగా ఉండి ముట్టుకోనివ్వకపోతే ఎంత కడుపుమంటో మీకిప్పుడు తెలిసే ఉంటుంది. ఆ రాత్రి కొత్తపేటలో మా స్నేహితుడి షాపుకెళ్లి ఆ ఒక్క ఒత్తూ పెట్టుకొచ్చాను.

డీలర్‌తో వాదన మానేసి నేరుగా తయారుచేసిన కంపెనీకే మెయిల్ పెట్టాను. సాఫ్ట్‌వేర్ కొన్న బిల్లు, బోర్డు మార్చిన బిల్లు, పాత నంబరు, కొత్త నంబరు అన్నీ జతచేశాను. మూడో రోజు కీ వచ్చింది, పైసా అడగలేదు. పాత నంబరు నా దగ్గర ఉండబట్టే పని జరిగింది, ఎప్పుడో ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకున్నాను.

మిత్రులు క్రాక్ (లైసెన్సు లేకుండా నడిపించే దొంగ ప్రోగ్రామ్) వేసుకోమంటారు. కస్టమర్ల ఆధార్ కాపీలు, ఫోటోలు ఉండే మెషీన్‌లో ఆ పని చేయకండి.

మీ బోర్డు బిల్లు మీద పాతది కాలిపోయినందుకు మార్చామని రాసి ఉందా? లేకపోతే రేపే ఆ షాపుకెళ్లి రాయించుకుని, మెయిల్ పెట్టండి.