మన ‘అని’, వాళ్ల ‘సెడ్’

ప్రశ్న: సార్, డీఎస్సీకి తయారవుతున్నాను. ‘ద టెంపుల్ వాజ్ బిల్ట్ ఇన్ 1213’ అని రామప్ప గుడి దగ్గర గైడ్ చెప్పిన మాటను రిపోర్టెడ్ స్పీచ్‌లోకి మార్చమన్నారు. నేను ‘ద గైడ్ సెడ్ దట్ ద టెంపుల్ వాజ్ బిల్ట్ ఇన్ 1213’ అని రాస్తే కోచింగ్‌లో కొట్టేశారు. ‘హ్యాడ్ బీన్ బిల్ట్’ అనాలట. ‘సెడ్’ తర్వాత ‘ఈజ్’ కూడా రాకూడదట. నిజమేనా?
- ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీరు రాసింది తప్పు కాదమ్మా. జరిగిపోయిన రెండు పనుల్లో ఏది ముందో తెలియకపోతే ‘హ్యాడ్’ కావాలి. ఇక్కడ 1213 అని సంవత్సరమే ఉంది. రేచర్ల రుద్రుడు గుడి కట్టించాకే గైడ్ చెప్పాడని ఎవరికైనా తెలుస్తుంది. ‘హ్యాడ్ బీన్ బిల్ట్’ కూడా ఒప్పే, కానీ దానికోసం మీది కొట్టేయడం అన్యాయం.

‘ఈజ్’ సంగతి ఇంకా బాగుంటుంది. గుడి ఇప్పటికీ పాలంపేటలోనే ఉంది కాబట్టి ‘ద గైడ్ సెడ్ దట్ ద టెంపుల్ ఈజ్ ఇన్ పాలంపేట’ అనొచ్చు, ‘వాజ్’ అన్నా తప్పు లేదు. అదే చేపలామె మాటయితే? ‘షి సెడ్ ద ఫిష్ ఈజ్ ఫ్రెష్’ అంటే మీరూ నమ్మినట్టు. ఇంటికొచ్చి వాసన చూశాక మాత్రం ‘వాజ్’ అంటారు. ఆమె అన్నది, మనకు పూచీ లేదు!

అసలు తిప్పలు మన ‘అని’తో. ‘వస్తానని చెప్పిండు, రాలే’ అంటాం. మనిషి రాకపోయినా ‘వస్తా’ మారదు. అందులోని ‘నేను’ కూడా అట్లనే ఉంటుంది. అవతలివాడి మాటను మూట విప్పకుండా తెచ్చి ముందర పెడతాం. ఇంగ్లీషు ఆ మూట విప్పి, చెప్పేవాడు నిలబడ్డ చోటి నుంచి కాలం లెక్క చూస్తుంది.

కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు నాకిది తెలియలేదు. సోమవారం వస్తానన్న ఇన్‌స్పెక్టర్ రాలేదు. బుధవారం హెడ్‌మాస్టర్ అడిగితే, ఇంగ్లీషు టీచర్నన్న గొప్ప కొద్దీ ‘హి సెడ్ హి విల్ కమ్ ఆన్ మండే, సర్’ అన్నాను. ‘విల్’ అనేసరికి రాబోయే సోమవారమే అనుకున్నారాయన. నాలుగు రోజుల్లో గోడలకు సున్నం కొట్టించారు, పిల్లలతో గడ్డి పీకించారు. ఆ సోమవారమూ ఎవరూ రాలేదు. ‘హి సెడ్ హి వుడ్ కమ్ లాస్ట్ మండే, బట్ హి డిడ్‌నాట్’ అని ఉంటే సున్నం డబ్బులు మిగిలేవి. చెప్పిన గడువు దాటిందా, ‘వుడ్’ తప్పదు. ఇంకా దాటకపోతే ‘విల్’ ఉంచినా ఫర్వాలేదు.

పరీక్షలో మాత్రం పంతానికి పోకండి, ‘హ్యాడ్ బీన్ బిల్ట్’ అనే రాయండి. మీ కోచింగ్‌లో ఒప్పుకునేది అదే కదా. రేపు మీరు బడిలో చేరాక ఏ పిల్లయినా ‘వాజ్ బిల్ట్’ అని రాస్తే మార్కు వేయండి.