అంగట్లోనా, కొట్లోనా, దుకాణంలోనా?

సందేహం: మాది ప్రొద్దుటూరు దగ్గర చిన్న టౌను, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాం. పిల్లల కోసం నా చిన్నప్పటి సంగతులు రాస్తూ "శెట్టి అంగట్లో బొరుగులు, పప్పులు అడిగితే పేపర్ పొట్లం చుట్టి, కొసరుగా ఇంత బెల్లం ముక్క పెట్టేవాడు" అని రాశాను. కరీంనగర్ నుంచి వచ్చిన పక్కింటావిడ చదివి "మీ ఊళ్లె అంగడి రోజూ ఉంటదా?" అంది. గుంటూరు వదినేమో అంగడి అంటే పుస్తకాల భాషలా ఉంది, కొట్టు అని మార్చెయ్ అంటోంది. ఏది కరెక్టండీ? అసలు అంగడిలో అనాలా, అంగట్లో అనాలా?

సమాధానం: ఒక్క అక్షరం కూడా మార్చకండమ్మా. పక్కింటావిడకి ఆ డౌటు రావడం సహజమే, తెలంగాణలో అంగడి అంటే వారానికోసారి జరిగే సంత, కూరగాయల దగ్గర్నుంచి మేకల దాకా అన్నీ ఒకచోటికి అమ్మకానికొస్తాయి, "ఇయ్యాల అంగడి" అంటే ఇంట్లోవాళ్లు సంచులు వెతుక్కుంటారు, రోజూ తీసి ఉండేది వాళ్లకి దుకాణం. మీ కడప వైపు అంగడంటే షాపే, అక్కడి పిల్లలు ఉప్పుకీ చక్కెరకీ రోజూ పరిగెత్తేది దానికే. గుంటూరు, కృష్ణా వైపు అదే కొట్టు.

రెండర్థాలకీ పక్క భాషల్లో తోడుంది. కన్నడంలో అంగడి అంటే మీలాగే షాపు, మలయాళంలో అంగాడి అంటే బజారు. పాత తమిళంలో పగటి బజారుని నాళంగాడి, రాత్రి బజారుని అల్లంగాడి అనేవాళ్లు. దుకాణం అరబ్బీ మాట, పారశీకం ఉర్దూల మీదుగా మనకొచ్చింది, అంతమాత్రాన అది పరాయిదైపోదు, ఎన్నో తరాలుగా మన నోళ్లలో నలిగిన మాట అది.

ఇక మీ వదిన గారి మాటకొస్తే, "అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది" అని గుంటూరులో అనని ఇల్లుంటుందా చెప్పండి? రోజువారీ వాడకంలో కొట్టు అనే మాట నిలబడింది కాబట్టి వాళ్లకి అంగడి ఆ సామెతలోనే ఎక్కువగా వినపడుతుంది, అందుకే పాతదనిపిస్తుంది. మీకది అమ్మ డబ్బులిచ్చి పంపిన చోటు. దాన్ని కొట్టు చేసేస్తే ఆ శెట్టి మీ ఊరి శెట్టి కాకుండా పోతాడమ్మా, నాకైతే ప్రాణం ఒప్పదు. బొరుగులు కూడా అలాగే ఉంచండి, కోస్తాలో మరమరాలంటారని పిల్లలకి నోటితో చెప్తే సరిపోతుంది. పప్పులు దగ్గర మాత్రం ఒక ముక్క కలపండి, వేయించిన శనగపప్పు అని, లేకపోతే హైదరాబాద్‌లో పెరిగిన పిల్లలు పచ్చి కందిపప్పు తిన్నారేమో అనుకుంటారు.

రెండో ప్రశ్న. ఇల్లు ఇంటిలో అవుతుంది, నోరు నోటిలో, వాకిలి వాకిటిలో, అలాగే అంగడి అంగటిలో అవుతుంది, ఇలా విభక్తికి ముందు వచ్చే టి లాంటివాటిని వ్యాకరణంలో ఔపవిభక్తికాలంటారు. మాట్లాడేటప్పుడు మధ్యలో ఇకారం జారిపోయి ఇంట్లో, నోట్లో, వాకిట్లో, అంగట్లో అవుతాయి. అంగడిలో అని కూడా వాడుతున్నారు, తప్పని కొట్టెయ్యను, కానీ మీ కథనానికి అంగట్లోనే బాగుంటుంది. ఒకటికి మించి ఉంటే అంగళ్లు అని రాయండి, అంగడులు వద్దు, మదనపల్లె దగ్గర అంగళ్లు అనే ఊరే ఉంది.