40 ఎకరాల్లో పెద్ద కొమ్ముల జింక కావాలంటే

అన్నా, టెక్సస్‌లో మీ 40 ఎకరాల్లో ఎంత మొక్కజొన్న పోసినా పెద్ద కొమ్ముల మగజింక రావట్లేదన్నారు కదా. మొక్కజొన్నకు జింకలొస్తాయి గానీ అందులో ప్రొటీన్ తక్కువ. అసలు కావాల్సింది వయసు. తెల్లతోక జింక కొమ్ములు పూర్తిగా ఎదిగేది 5 నుంచి 7 ఏళ్ల మధ్య. కాల్చే ముందు ఒళ్లు చూడండి: సన్నని మెడ, పొడుగు కాళ్లు, లోపలికి పోయిన పొట్ట ఉంటే కుర్రది, వదిలేయండి. మెడ ఛాతీలో కలిసిపోయి, పొట్ట వేలాడుతుంటే ముదురుది. మగజింక వందల ఎకరాలు తిరుగుతుంది, మీరు వదిలింది పక్కవాళ్లు కాల్చొచ్చు. అందుకే ముందు చుట్టుపక్కల భూమి ఉన్నవాళ్లతో మాట్లాడి ఒక మాట మీదకు రండి. బూన్ అండ్ క్రాకెట్ (అమెరికాలో వేట రికార్డులు నమోదు చేసే క్లబ్) ఆల్‌టైమ్ రికార్డుకు మామూలు ఆకారపు కొమ్ములైతే 170 స్కోరు (కొమ్ముల కొలతలతో వేసే లెక్క) కావాలి, దానికోసం టెన్షన్ పడకండి. మీ చోట 120 వచ్చినా నిజంగా గొప్పే. మాంసానికైతే మీ కౌంటీలో అనుమతి ఉన్నంత వరకు ఆడజింకలను తీసుకోండి, మిగిలినవాటికి మేత దక్కుతుంది.