ఆరో తరగతికి హైస్కూల్‌కి పంపేముందు ఏం కొనాలి అంటే... ముందు బాత్రూం గడియ చూసి రండి

"మా పాప ఐదో తరగతి దాకా ఊళ్లోనే చదివింది, ఈ జూన్‌లో పక్క ఊరి జెడ్పీ హైస్కూల్లో ఆరో తరగతిలో చేరుస్తున్నాం, సెలవుల్లో పాపని ఎట్లా రెడీ చేయాలి, ఏమేం కొనాలి, ట్యూషన్ పెట్టించాలా" అని అడిగారు గదా. ట్యూషన్ వద్దు, కొనేది కూడా పెద్దగా ఏం లేదు. మీరు అడగనిది ఒకటి ఉంది, అది చెప్పకుండా ఉండలేక రాస్తున్నా, కొంచెం పొడుగైనా చివరి దాకా చదవండి.

మాది కావలి దగ్గర చిన్న ఊరు, మా ఇంటాయన రొయ్యల గుంటల కాడ పని చేస్తాడు. మా పెద్దపాప 2024లో ఆరో తరగతికి పోయింది. ఆ ఎండాకాలం నేను కూడా మీలాగే తెగ హడావుడి పడ్డా. కావలి ట్రంక్ రోడ్డుకి మూడుసార్లు తిరిగి బ్యాగు, జామెట్రీ బాక్స్, డజను లాంగ్ నోట్సులు, అట్టలు, లేబుళ్లు, స్టీల్ వాటర్ బాటిల్ అన్నీ కొన్నా. తీరా బడి తెరిచాక బ్యాగు, నోట్సులు, టెక్స్ట్ పుస్తకాలు, బూట్లు, బెల్టు, యూనిఫాం గుడ్డ అన్నీ గవర్నమెంటోళ్లే ఇచ్చారు, నేను కొన్న బ్యాగు ఇప్పటికీ బీరువా మీదే ఉంది. ఇప్పుడు ఆ కిట్టుకి సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర అని పేరు పెట్టి ఇస్తున్నారు, ఆరో తరగతి వాళ్లకి డిక్షనరీ కూడా కలిపి. కాబట్టి ముందే పోయి కొనొద్దు. బ్రిడ్జి కోర్సు అని కరపత్రాలు పంచుతుంటారే, సెలవుల్లో ఆరో తరగతి లెక్కలు చెప్తాం హిందీ చెప్తాం అని, అదంతా డబ్బు దండగ. హిందీ మన గవర్నమెంటు బళ్లలో ఆరో తరగతిలోనే మొదలు, అక్షరాల కాడ్నుంచి హిందీ మేడమే చెప్తుంది. పిల్లలు ఐదేళ్లు చదివి అలిసిపోయుంటారు, అమ్మమ్మ ఇంటికి పంపండి, నాలుగు రోజులు ఆడుకోనీండి.

ఇంక అసలు విషయం.

ఆ ఏడు జూన్ 12న కొత్త ప్రభుత్వం ప్రమాణ స్వీకారం ఉందని బళ్లు 13న గురువారం తెరిచారు. మృగశిర కార్తె వచ్చాక చల్లబడుద్ది అంటారు గానీ అది మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలకి కాదు, మనకి గట్టి వానలు అక్టోబరు నవంబరు దాకా రావు, జూన్ అంటే మనకి ఇంకో మే నెలే. అందుకే పాపకి లీటరు బాటిల్ కొనిచ్చి రోజూ నిండా పోసి పంపేదాన్ని. సాయంత్రం ఇంటికొచ్చాక చూస్తే బాటిల్ నిండుగా ఉండేది. ఏందమ్మే తాగలేదా అంటే, తాగేసి మళ్లీ కుళాయి కాడ పట్టుకున్నా, దోవలో కావాలి గదా అనేది. నేను ఎంత మురిసిపోయానో చెప్పలేను. ఎదురింటామెకి కూడా చెప్పా, హైస్కూల్‌కి పోంగానే మా పాపకి బుద్ధి వచ్చింది, దోవకి నీళ్లు పట్టుకుని వస్తా ఉంది అని.

మధ్యలో ఆదివారం, సోమవారం బక్రీద్ సెలవు పోను ఏడు రోజులు పోయింది బడికి. ఏడో రోజు శుక్రవారం రాత్రి అన్నం కాడ కూర్చుని ముద్ద కలిపింది గానీ నోట్లో పెట్టలేదు. చెయ్యి పట్టుకుంటే కాలిపోతా ఉంది. ఎండ తగిలి ఉంటదని మజ్జిగ ఇచ్చా, మా అత్త "కొత్త బడి గదా, ఎవరి కన్నో పడుండాది" అని ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసింది. పదిన్నరకి వణుకు మొదలైంది, రెండు దుప్పట్లు కప్పినా పళ్లు కటకటలాడతా ఉన్నాయి, పొత్తికడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోతా ఉంది. మా ఇంటాయన గుంటల కాడ ఉన్నాడు, ఫోన్ చేస్తే ఎవరిదో బండి అడుక్కుని వచ్చాడు, పాపని మధ్యలో కూర్చోబెట్టుకుని నేను వెనక పట్టుకుని కావలికి పోయాం. హైవే మీద లారీల గాలికి బిడ్డ వాళ్ల నాన్న వీపుకి తల ఆనించి మూలుగుతా ఉంది, ఆ మూలుగు ఇప్పటికీ నాకు చెవుల్లో ఉంది.

డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి, యూరిన్ టెస్టుకి రాసి, నన్ను అడగలేదు, పాపనే అడిగింది. "బడిలో బాత్రూంకి పోతావా తల్లీ?"

పాప తల దించుకుంది.

"రోజుకి ఎన్నిసార్లు పోతావు?"

పలకలేదు. నేను కసురుకోబోయా, డాక్టరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. కాసేపయ్యాక అది నావైపు కూడా చూడకుండా "నీళ్లు తాగితే గదమ్మా వచ్చేది" అంది.

పొద్దున ఏడున్నరకి ఇంట్లో పోయిన పిల్ల సాయంత్రం నాలుగున్నర దాటి ఇంటికొచ్చిందాకా పోలేదు, ఏడు రోజులు. పోవాల్సి వస్తదని నీళ్లు తాగడం మానేసింది. బడిలో ఇచ్చే రాగిజావ కూడా పక్కపిల్లకి ఇచ్చేసింది. నేను పోసిన నీళ్లే సాయంత్రం నాకు చూపించింది. యూరిన్ ఇన్ఫెక్షన్ అన్నారు. నీళ్లు తాగక, వచ్చింది ఆపుకుంటా ఉంటే బయటికి కొట్టుకుపోవాల్సిన క్రిములు లోపలే పెరుగుతాయంట, ఆడపిల్లలకి ఆ గొట్టం పొట్టిగా ఉంటది కాబట్టి తొందరగా ఎక్కుతాయంట. సెలైన్, ఇంజెక్షన్లు, తర్వాత మాత్రలు. వారం బడి పోయింది.

ఇంటికొచ్చి పక్కలో పడుకోబెట్టుకుని అడిగితే ఒక్కొక్కటీ చెప్పింది. ఊళ్లో బడి అంటే రెండు గదులు, ఒకే మేడం, చిటికెన వేలు చూపిస్తే చాలు పోయి రా అనేది. ఇక్కడ బెల్లు కొట్టిన ప్రతిసారీ వేరే సారు. మగ సారుని ఏమని అడగాలో తెలీదు, అందరూ నవ్వుతారని భయం. ఇంటర్వెల్ పది నిమిషాలు, తొమ్మిది పది తరగతుల అక్కలు ముందు పోతారు, చిన్నపిల్లలకి వంతు వచ్చేసరికి బెల్లు. పోనీ వంతు వచ్చినా తలుపుకి గడియ లేదు. ఒకళ్లు లోపలికి పోతే ఇంకొకళ్లు బయట తలుపు పట్టుకోవాలి. మా పాపతో ఐదో తరగతి చదివిన ఇద్దరిలో ఒకతి గురుకులానికి, ఇంకొకతి కావలిలో ప్రైవేటుకి పోయారు. నాలుగైదు ఊళ్ల పిల్లలు వచ్చి పడిన క్లాసులో తలుపు పట్టుకోమని ఎవర్ని అడుగుద్ది? ఒక రోజు ధైర్యం చేసి పోతే ఎవరో తెలీక తలుపు తోసేశారు, అంతే, మళ్లీ పోలేదు.

గడియ లేక. వంద రూపాయలు కూడా పెట్టక్కర్లేని ఇనప గడియ. నేను బూట్ల సైజు చూశా, బ్యాగు జిప్పు పదిసార్లు లాగి చూశా, ఇది చూడలేదు.

సోమవారం బడికి పోయా. పెద్దసారు మంచాయనే, కూర్చోబెట్టి విన్నాడు, గడియలు వేయిస్తూనే ఉన్నాం ఊడిపోతున్నాయి, మళ్లీ వేయిస్తాం అన్నాడు. వారం చూశా, పది రోజులు చూశా. తర్వాత ఆదివారం మా ఇంటాయన, ఇంకో పాప నాన్న, అడిగి తాళం తీయించుకుని రెండు తలుపులకి గడియలు బిగించి వచ్చారు. ఇక్కడ నాకు కడుపు మండే విషయం ఒకటి చెప్తా. పిల్లల్ని బడికి పంపే తల్లులకి ఇచ్చే అమ్మఒడి చివరి రెండేళ్లలోనూ 15,000 అన్నదాంట్లో 13,000 మన ఖాతాలో పడి 2,000 బడి నిర్వహణకి, బాత్రూంల శుభ్రతకి అని పక్కన పెట్టేవాళ్లు, 2025లో తల్లికి వందనంలోనూ అంతే, 13,000 మనకి, 2,000 బడికి. తప్పు కాదు, నేనైతే ఇష్టంగానే ఇస్తా. కానీ అది మన పిల్లల పేరు మీద పోయే డబ్బు, కాబట్టి బాత్రూం గురించి అడగడానికి ఏ తల్లీ సిగ్గుపడక్కర్లేదు. విద్యాహక్కు చట్టంలోనే ఉంది, ఆడపిల్లలకి మగపిల్లలకి వేరే వేరే మరుగుదొడ్లు, తాగేనీళ్లు ఉండాలని. 2024 డిసెంబర్ 7న మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు గదా, ముగ్గులు, ఆటలు, భోజనాలు బాగానే జరిగాయి, అందరూ మార్కుల గురించే అడిగారు. నేను లేచి బాత్రూంల గురించి అడిగితే వెనకనించి ఎవరో మగాయన "అది కూడా మీటింగులో మాట్లాడాలా" అన్నాడు. ఇంకెక్కడ మాట్లాడాలి? ఆ తర్వాత ఆరుగురు తల్లులు నా దగ్గరికొచ్చి మా పాప కూడా అంతే అక్కా, ఇంటికి రాంగానే బ్యాగు పారేసి బాత్రూంకి ఉరుకుద్ది అన్నారు. ఇంటికి రాంగానే ఉరికిందంటే పొద్దుట్నుంచి ఆపుకుందనే లెక్క. మీరు కూడా గమనించండి.

నన్నడిగితే ఆరో తరగతిలో ఆడపిల్లలు కడుపునొప్పి అని బడి ఎగ్గొట్టే దాంట్లో సగం ఇదే. హోంవర్కు భయం, లెక్కల భయం అని మనం అనుకుంటాం.

2025లో మా తోడికోడలి కూతురు అదే బడిలో చేరింది. ఈసారి నేనే తోడు పోయా. జూన్ 12న తెరిచారు, అడ్మిషన్‌కి రికార్డ్ షీటు అంటే పాత బడి వాళ్లిచ్చే సర్టిఫికెట్టు, ఆధార్, ఫొటోలు తీసుకుని పోయాం. (ఆధార్‌లో పేరు, రికార్డ్ షీటులో పేరు అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో ఏప్రిల్‌లోనే చూసుకోండి, ఇంటిపేరు ఒకదాంట్లో పూర్తిగా, ఒకదాంట్లో ఒక్క అక్షరం ఉంటే గ్రామ సచివాలయం చుట్టూ తిరగడమే సరిపోద్ది. తల్లి ఖాతాకి ఆధార్ లింక్ ఉందో లేదో కూడా.) పెద్దసారు గదికి పోకముందే పాపని వెనక్కి తీసకపోయి బాత్రూం చూపించా. లోపలికి పంపి గడియ వేసి తీయమన్నా, బకెట్టు, మగ్గు, నీళ్లు వస్తున్నాయా చూశా. బాత్రూంలు చూసుకునే ఆయమ్మ యాడ కూర్చుంటదో చూపించి ఆమెకి పాపని పరిచయం చేశా, "కొత్త పిల్ల, చూసుకో అమ్మా" అంటే ఆమె ఎంత సంతోషపడిందో, ఆమెని పలకరించే వాళ్లే ఉండరంట. తర్వాత మా పెద్దపాప ఏడో తరగతిలోంచి వచ్చి, మొదటి వారం ఇంటర్వెల్‌లో నేను తీసకపోతా అని చెల్లెలికి చెప్పింది. వాళ్ల క్లాసులో పక్క ఊరి పిల్ల ఒకతి ఒంటరిగా నిలబడి ఉంటే ఇద్దరినీ జోడీ చేశాం, మీరిద్దరూ కలిసి పోవాలి, ఒకళ్లు పోతే ఒకళ్లు తోడు అని. ఇంట్లో ముందే పది రోజులు "సార్, బాత్రూంకి వెళ్లొస్తాను సార్" అని గట్టిగా అనిపించా, మా మరిదిని కుర్చీలో సారులాగా కూర్చోబెట్టి. మొదట్లో సిగ్గుపడింది, నాలుగో రోజుకి ఇల్లు అదిరేటట్టు అరిచింది. మీ సెలవుల ట్యూషన్ ఏదన్నా ఉందంటే ఇదే పెట్టండి.

మొదటి రోజు సాయంత్రం బాటిల్ ఖాళీగా వచ్చింది. మా తోడికోడలికి అర్థం కాలేదు నేను ఆ ఖాళీ బాటిల్ పట్టుకుని ఎందుకు ఏడ్చానో.

ఇంకోటి. ఆరో తరగతి అంటే పదకొండు పన్నెండేళ్లు, పెద్దమనిషి అయ్యే వయసే. 2021లో స్వేచ్ఛ అని బళ్లలో నెలకి పది ప్యాడ్లు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు అది ఏడో తరగతి నుంచే, ఆరో తరగతి పిల్లలు దాంట్లో లేరు. కాబట్టి మీరే ఒక చిన్న సంచిలో రెండు ప్యాడ్లు, ఒక డ్రాయరు, ఒక కవరు పెట్టి బ్యాగు లోపలి జిప్పులో వేయండి. అట్లాంటిది జరిగితే ఏ మేడంకి చెప్పాలో పేరుతో సహా చెప్పండి. ఇంకా చిన్నపిల్ల గదా అప్పుడే ఎందుకు అనుకోవద్దు, మా ఊళ్లో ఒక పాపకి క్లాసులోనే అయింది, ఏం జరిగిందో తెలీక తనకేదో జబ్బు వచ్చిందనుకుని బెంచీ మీద నుంచి లేవకుండా సాయంత్రం దాకా కూర్చుంది.

సైకిల్ మీద పంపేటట్టయితే సెలవుల్లోనే నాలుగుసార్లు ఆ దోవన తొక్కించండి, హైవే దాటే కాడ మీరు నిలబడి చూడండి. మధ్యాహ్నం భోజనం గురించి దిగులు పడొద్దు, 2025 నుంచి సన్నబియ్యం పెడుతున్నారు, మన పిల్లలు లావు బియ్యం అయితే ముట్టరు గదా, ఇప్పుడు మా పాప క్యారియరే వద్దంటుంది.

నోట్సుల సంగతి అడిగారు కాబట్టి చెప్తున్నా, కిట్టులో వచ్చినవి కాక ఇంకేం కావాలో మొదటి వారంలో ఒక్కో సారు ఒక్కోటి చెప్తారు, లెక్కల సారు తెల్లది అంటాడు, హిందీ మేడం నాలుగు గీతలది అంటుంది, అప్పుడు కొనండి, ట్రంక్ రోడ్డులో అంగళ్లు యాడికీ పోవు. మీది ఏ ఊరో, ఏ బడో రాయండి, కావలి చుట్టుపక్కల అయితే అడ్మిషన్ రోజు నేను తోడు వస్తా.