ఆఫీసు ఉద్యోగం వదిలి లారీ డ్రైవరుగా వెళ్లవచ్చా?

భీమవరంలో ఆరేళ్లుగా గుమాస్తాగా చేస్తున్నానని, కారు నడపడం వచ్చునని, రాజీనామా చేసి లారీ డ్రైవరుగా వెళితే ఇల్లు గడుస్తుందా అని మీరు అడిగారు. తణుకులో ఒక కార్యాలయంలో పదకొండేళ్లు లెక్కలు రాసి, ముప్పై నాలుగో ఏట స్టీరింగు పట్టుకున్నవాడిని కనుక జవాబు రాస్తున్నాను. గడుస్తుంది. కానీ రాజీనామా పత్రం మాత్రం ఇప్పుడే ఇవ్వకండి.

లైసెన్సు సంగతి పెద్ద చిక్కు కాదు. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం రవాణా వాహనం నడపడానికి 20 ఏళ్లు నిండాలి. కారు లైసెన్సు వచ్చి కనీసం ఏడాది గడిచిన తర్వాతే హెవీ (పెద్ద లారీలాంటి భారీ వాహనం) నేర్చుకోవడానికి ఎల్.ఎల్.ఆర్., అంటే లెర్నర్ లైసెన్సు, ఇస్తారు. ఈలోగా మొత్తం బరువు 7,500 కిలోలు దాటని సరుకు బండిని కారు లైసెన్సుతోనే నడపవచ్చని సుప్రీంకోర్టు 2024 నవంబరులో తేల్చి చెప్పింది. నేను కూడా మొదట చిన్న బండి మీద అంబాజీపేట కొబ్బరికాయలు, రావులపాలెం అరటి గెలలు వేసుకుని తిరిగాను. జాతీయ రహదారి మీద నడపడం నెలలో అలవాటవుతుంది. ఒకవైపు పంట కాలువ, మరోవైపు చేపల చెరువు ఉన్న గట్టు మీద, వాన పడి రేగడి మట్టి జారుతున్నప్పుడు పది టైర్ల లారీని వెనక్కి తీసుకురావడం నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

అసలు తేడా కాలాన్ని లెక్కకట్టడంలో ఉంది. ఆఫీసులో పని ఉన్నా లేకపోయినా నెల తిరిగేసరికి జీతం పడుతుంది. నేను ఎక్కిన లారీల్లో మాత్రం డబ్బు ట్రిప్పును బట్టి వచ్చేది, ఎదురుచూసిన రోజులకు ఏమీ ఉండేది కాదు. ఆకివీడు వైపు తెల్లవారుజామున వల లాగి, బొచ్చె, శీలావతి చేపలను ఐసు వేసి ట్రేలలో సర్ది, మధ్యాహ్నానికి లోడు పూర్తిచేస్తారు. అక్కడి నుంచి హౌరా చేపల మార్కెట్టు దాకా ఉన్న 1,100 కిలోమీటర్లకు పైబడిన దారిలో మనకు గడియారం ఆ ఐసే. సరుకు దించాక తిరుగు లోడు కోసం రెండు రోజులో, మూడు రోజులో ఊరికే పడి ఉండాలి, తెచ్చుకున్న బత్తా (దారి ఖర్చుల డబ్బు) అక్కడే కరిగిపోతుంది. అందుచేత ఓనరుతో మాట్లాడేటప్పుడు ట్రిప్పుకు ఎంత అని అడిగి ఊరుకోకండి. ఆగిన రోజుకు బత్తా ఇస్తారా, పంక్చరు ఖర్చు ఎవరిది, రెండో డ్రైవరు ఉంటాడా అన్నవి కూడా తేల్చుకోండి.

రెండో డ్రైవరు మాట ఊరికే అనలేదు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న మోటారు రవాణా కార్మికుల చట్టం, 1961 రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని పరిమితి పెట్టింది. చేపల లారీలో ఆ లెక్క నడవగా నేను చూడలేదు. మొదటి సంవత్సరం ఒడిశాలోని బాలాసోర్ దాటాక ఒక తెల్లవారుజామున నాకు కునుకు పట్టి, ఎడమ చక్రాలు తారు అంచు దిగిపోయాయి. క్లీనరు కుర్రాడు కేక వేయకపోతే ఈ జవాబు రాయడానికి నేను ఉండేవాడిని కాదు. అప్పటి నుంచి రాత్రి రెండు దాటితే ధాబా దగ్గర బండి ఆపి గంటన్నర పడుకుంటున్నాను. ఆలస్యమైతే చేప ధర పడిపోతుందని ఓనరు కోప్పడతారు, ఆయన బాధా అబద్ధం కాదు, అయినా ఆపుతాను.

మీ గుమాస్తా చదువు వృథా పోతుందని మాత్రం అనుకోకండి. ఒకసారి తిరుగు లోడుతో వస్తుండగా శ్రీకాకుళం దగ్గర గేరుబాక్సు పాడై నాలుగు రోజులు నిలిచిపోయాము. ఈ-వే బిల్లు (సరుకు వెంట ఉండాల్సిన జీఎస్టీ రవాణా పత్రం) 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున చెల్లుతుందని, గడువు ముగియడానికి ముందు 8 గంటలు, ముగిసిన తర్వాత 8 గంటల లోపు దాన్ని పొడిగించుకోవచ్చని నాకు తెలుసు కనుక, ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు ఫోను చేసి వెంటపడి సకాలంలో పని జరిపించుకున్నాను. నాకంటే ఇరవై రెట్లు బాగా బండి నడిపే పెద్ద డ్రైవర్లు ఇప్పటికీ కాగితాలు నా చేతికే ఇచ్చి చూడమంటారు. అయితే ఈ తెలివిని నమ్ముకుని మొదటి రెండేళ్లలో వాయిదాల మీద సొంత లారీ కొనకండి. తిరుగు లోడు దొరకని నెలలోనూ వాయిదా కట్టాల్సిందే.

పది రోజులు సెలవు పెట్టి, తెలిసిన డ్రైవరుతో ఒక ట్రిప్పు క్లీనరుగా వెళ్లి రండి. వానాకాలంలో అయితే మరీ మంచిది. పరదా కప్పడం, తడిసిన తాడు బిగించడం, నడిరోడ్డున టైరు విప్పడం మీ వంటికి సరిపడతాయో లేదో ఆ ఒక్క ట్రిప్పులోనే తెలిసిపోతుంది.